మాకు జడ్జీలు కావాలి!

“ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట” అని మన పల్లెల్లో సామెత. గెలిచినవాడికి ఏడుపెందుకు? తీర్పు చేతికొచ్చేసరికి పొలం విలువంతా వాయిదాలకే సరిపోయింది గనక! దీనికి వకీళ్ళనో, గుమాస్తాలనో తిట్టుకుని ఊరుకుంటాం. కూర్చుని వినే జడ్జీలే చాలినంతమంది లేరన్న సంగతి ఎవరికీ పట్టదు.

1987లో లా కమిషన్ తన 120వ నివేదికలో, పదిలక్షల జనాభాకు 10.5 మంది జడ్జీలే ఉన్నారనీ, ఐదేళ్ళలో ఆ సంఖ్యను 50కి పెంచాలనీ చెప్పింది. 2002లో సుప్రీంకోర్టూ అదే ఆదేశించింది. నేటికీ అందులో సగమైనా చేరలేదు. 2016లో ప్రధానమంత్రి సమక్షంలోనే చీఫ్ జస్టిస్ టి.ఎస్. ఠాకూర్ ఈ గోడు వెళ్ళబోసుకుంటూ కంటతడి పెట్టారు. సుప్రీంకోర్టు మాత్రం 1950లో 8 మందితో మొదలై 2019లో 34కు పెరిగింది. గోపురం పెరిగితే చాలునా? పేదవాడు మొదట తొక్కేది మునసబు కోర్టు గడప కదా!

మా సత్యవేడునే చూడండి. 1960 ఏప్రిల్ 1 దాకా మేము మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. హైకోర్టు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరం. ఆ తర్వాత హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. అప్పీలంటే ఒక రాత్రి ప్రయాణం. కనుక మావాళ్ళకు కింది కోర్టే సుప్రీంకోర్టు! పైగా శ్రీసిటీ వచ్చాక భూమి ధర పెరిగింది. ధర పెరిగిన చోట అన్నదమ్ముల దావాలు పెరగక మానవు. ఆ దావా వినే జడ్జిగారి బల్లమీదే క్రిమినల్ కేసులు, మనోవర్తి కేసులు, చెక్కు కేసులు కట్టలుకట్టలు.

“జడ్జీలను పెంచితే సరా? వాయిదాలడిగే వకీళ్ళ మాటేమిటి?” అంటారు కొందరు. నిజమే. మూడు వాయిదాలకు మించరాదన్న నియమం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 నుంచీ ఉంది. కానీ ఒక్క రోజులో వినలేనన్ని కేసులు ముందున్న జడ్జి, వాయిదా అడిగితే ఇవ్వక ఏం చేస్తాడు? అతనికే అది ఊరట! జడ్జీలు సరిపడా ఉంటేనే ఆ నియమం నిలుస్తుంది. జడ్జితోపాటు కోర్టు హాలు, స్టెనో, గుమాస్తాలను కూడా ఇవ్వాలి. ఖర్చంటారా? కక్షిదారు కోర్టు ఫీజు కట్టే లోపలికొస్తున్నాడు!

కింది కోర్టులకు కొత్త పోస్టులు మంజూరు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. ఓట్లకొచ్చిన వాళ్ళను రోడ్డు అడుగుతాం, నీళ్ళు అడుగుతాం, కాలేజీ అడుగుతాం. మిత్రులారా, మా ఊరికి ఇంకో జడ్జిని ఇవ్వండని ఎప్పుడైనా అడిగామా? రేపు నల్లకోటు తొడగబోయేవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ అడగడమేదో మనతోనే మొదలుకావాలి.