పనస బుడిపెలో నీలం సముద్రం ఎందుకు?

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. ముడులు పడిన ఓ చెక్క ముక్కని అచ్చులో పెట్టి, చుట్టూ మెరిసే నీలం రెజిన్ పోస్తారు. గట్టిపడ్డాక లేత్ మీద ఎక్కించి ఉలి ఆనించగానే నీలం, గోధుమ రంగు చుట్టలు ఎగిరిపడతాయి. చివరికి ఓ గిన్నో, పెన్నో తయారు. చూడ్డానికి బావుంటుంది, కాదనను. ఈ పని మన పలాస, టెక్కలి, ఉద్దానం వైపు జరగాలనే నా వాదన కూడా. కాకపోతే ఆ నీలం వద్దంటాను.

ముందు చెక్క సంగతి. చెట్టుకి దెబ్బ తగిలినా, తెగులు సోకినా ఒక్కోసారి కాండం అడ్డదిడ్డంగా పెరిగి బుడిపె కడుతుంది. ఇంగ్లీషులో బర్ల్ అనేది దీన్నే. లోపల నార ఒక దిక్కున సాగదు, సుడులు తిరుగుతుంది. మధ్యలో బెరడు ఇరుక్కుంటుంది, బొరియలుంటాయి. చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి కాబట్టి వడ్రంగి పక్కన పడేస్తాడు, అది పొయ్యిలోకి పోతుంది. రెజిన్ అసలు పని ఆ బొరియలు నింపి, లేత్ మీద వేగంగా తిరిగేటప్పుడు ముక్క పగిలి మన మొహం మీదికి రాకుండా పట్టి ఉంచడం. రంగు ఆ తర్వాతి మాట.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140–150 కిలోమీటర్ల గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు వరసగా ఒరిగిపోయాయి. కూలిన చెట్టు రైతుని రెండుసార్లు ముంచుతుంది. కాపు పోవడం ఒకటి, దాన్ని నరికించి తోటలోంచి మోయించే ఖర్చు ఇంకొకటి. సాఫైన పనస దుంగ అయితే కొనేవాడు దొరుకుతాడు. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, మంచి పనసకి అంతకన్నా గౌరవం ఏం కావాలి? కాని కాయలు కాసి కాసి బుడిపెలు కట్టిన మొదలు, వంకర తిరిగిన జీడి కొమ్మ, పుచ్చిన వేరు దుంగ ఎవరిక్కావాలి?

నేను మాట్లాడేది ఈ రెండో రకం గురించే. సాఫైన పనస పలకని నడిమికి చీల్చి, మధ్యలో ప్లాస్టిక్ నది పారించే టేబుళ్ళు నాకు నచ్చవు. చెక్క తన కాళ్ళ మీద తాను నిలబడగలిగిన చోట రెజిన్‌కి పనేముంది?

ఇక రెజిన్. అసలు మజా ఇక్కడుంది. పలాసలో జీడిపిక్కలు వొలిచేవాళ్ళ చేతుల మీద మచ్చలు గమనించారా? తొక్కలోని నూనె చేసే పని అది. ఆ నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే అది కార్డనాల్ అవుతుంది. కార్డనాల్‌ని ఫార్మాల్డిహైడ్‌తో, ఒక అమీన్‌తో కలిపితే ఫీనాల్కమీన్ వస్తుంది. అది ఎపాక్సీకి హార్డ్‌నర్. ఓడలకి వేసే పెయింట్లలో వాడతారు, ఎందుకంటే తేమలో కూడా గట్టిపడుతుంది. మామూలు అమీన్ హార్డ్‌నర్లు చాలావాటికి ఉప్పగాలి, ముసురు పడవు, పైన జిడ్డు పొర కడతాయి. అంటే సముద్రం పక్కన పనికొచ్చే సరుకు సముద్రం పక్కన కాసే పిక్క తొక్కలోనే ఉందన్నమాట. మనం మాత్రం నీలం రంగు పొడితో సహా కిట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాం!

చిక్కల్లా రంగుతోనే. జీడి హార్డ్‌నర్ అద్దంలా ఉండదు. ముదురు తేనె రంగు, కొంచెం ఎరుపు. దాంట్లో నీలం కలిపితే బురదే. అయితే ఏం? పసుపు పచ్చని పనస కర్ర ఏళ్ళు గడిచేకొద్దీ ఎలాగూ ఆ రంగుకే తిరుగుతుంది. రెండూ ఒక తోటవాళ్ళలా ఉంటాయి.

నీలమే అమ్ముడవుతుంది అనేవాళ్ళకి ఏటికొప్పాక చూపిస్తాను. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ నొక్కుతారు, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. (లక్క కూడా రెజినే, కాకపోతే పురుగు చేసిస్తుంది.) మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. సి.వి.రాజు గారి లాంటివాళ్ళు పట్టుబట్టి ఆకులు, వేళ్ళు, గింజల రంగుల్ని మళ్ళీ తెచ్చారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి పేరు తెచ్చింది మెరుపు ఒక్కటే కాదు కదా.

జీడి హార్డ్‌నర్ వాడినంత మాత్రాన ఇది పచ్చని పని అయిపోదు. ఎపాక్సీ సగం పెట్రోలియం నుంచి వచ్చేదే, మట్టిలో కలవదు. గట్టిపడకముందు చర్మానికి తగిలితే కొందరికి జన్మంతా వదలని ఎలర్జీ పట్టుకుంటుంది. లేత్ మీద లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అలాంటి ఊళ్ళలో ఇంటి అరుగు మీద పిల్లల పక్కన కూర్చుని రెజిన్ కలుపుకోండి అని నేర్పడానికి నాకు నోరు రాదు. గాలి లాగే ఫ్యాను, గ్లౌజులు, మాస్కు ఉన్న షెడ్డులోనే జరగాలి. ఫీనాల్కమీన్ తయారైనది కొనుక్కోవాలే గాని ఫార్మాల్డిహైడ్‌తో ప్రయోగాలు వద్దు. అన్నం తినే గిన్నెలూ వద్దు. పెన్ను, ఉలి పిడి, తలుపు గుబ్బ, ఇలాంటివి చాలు.

అలాంటి షెడ్డు దొరకదా అంటే టెక్కలి వైపు చూడండి. గ్రానైట్ పలకల్లో నెర్రెలకి ఎపాక్సీ పట్టించడం ఆ పరిశ్రమలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. పాళ్ళు తూచడం, కలపడం, ఆరేదాకా ఆగడం రాతి మీద తెలిసినవాళ్ళకి చెక్క మీద నేర్పడం పెద్ద కష్టం కాదు. చెక్కతో కొత్తగా వచ్చే తలనొప్పి ఆరబెట్టడమే. తేమ పది పన్నెండు శాతానికి దిగకుండా పోస్తే రెజిన్‌లో బుడగలొస్తాయి, తర్వాత చెక్క ముడుచుకుని అతుకు విడిపోతుంది. లావు బుడిపె నీడన ఆరడానికి ఏడాది పైనే పట్టొచ్చు. రీల్‌లో ఈ ఏడాది కనపడదు.

మనకి తెలియాల్సింది ఇంకొకటుంది. ఫీనాల్కమీన్ పలచటి పెయింట్ పొరల్లో బాగా పనిచేస్తుంది సరే, అచ్చులో నాలుగంగుళాల మందాన పోస్తే? ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందం పెరిగితే ఆ వేడికే పగులుతుంది. ఎంత మందాన ఆపాలి, ఎన్ని పొరలుగా పోయాలి? కెమికల్ వాళ్ళు థర్మోకపుల్ పెట్టి కొలవండి. మెకానికల్ వాళ్ళు లేత్ మీద తిప్పి చూడండి. ఒకే చెట్టు బుడిపెలు, సగానికి మామూలు హార్డ్‌నర్, సగానికి జీడిది, పోసేది ఆగస్టు ముసుర్లో. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంతకన్నా ఏం కావాలి?

బుడిపెలు నేను తెస్తాను. మా వైపు వాటిని అడిగేవాళ్ళు లేరు.