మూత తీయని అత్తరుబుడ్డి



పాత సెంట్లను, వాటి గాజు సీసాలను కూడబెట్టేవారు లోకంలో చాలామంది ఉన్నారు. గత శతాబ్దం తొలి ఏళ్లలో పారిస్‌లో ఫ్రాంస్వా కోటీ అనే సెంటు వ్యాపారి కోసం రెనె లాలిక్ అనే కళాకారుడు సీసాలు రూపొందించాడు. 1925లో వచ్చిన గెర్లాన్ వారి షాలిమార్‌కు బాకరా కార్ఖానా సీసా చేసింది. 1951లో నీనా రిచ్చీ వారి సీసా మూత మీద మార్క్ లాలిక్ రెండు పావురాలను నిలిపాడు. ఇలాంటివి వేలంపాటల్లో అమ్ముడవుతాయి. సీలు తెగకూడదు, లేబులు చిరగకూడదు, పెట్టె ఉండాలి. అప్పుడే మంచి ధర.

సెంటు పాపమని మేము అనడం లేదు. ప్రత్యక్ష గుడారం కోసం పరిమళ తైలాన్ని కలపమన్నది దేవుడే. బెసలేలుకు పనితనం ఇచ్చిందీ ఆయనే. మా అభ్యంతరం మూత మీదే. వాసన కోసం చేసినదాన్ని ఎవరూ వాసన చూడకపోతేనే విలువ అనడం ఏ న్యాయం?

కళను కాపాడుతున్నాం అంటారు. కాపాడుతున్నది గాజును మాత్రమే. వెలుతురు, వేడి, గాలి తగిలి సెంటు పాడవుతుంది. నిమ్మజాతి వాసనలు ముందే పోతాయి. నిజంగా కాపాడాలంటే వెర్సాయ్‌లోని ఓస్మోతెక్‌ను చూడండి. 1990లో మొదలైన ఆ సంస్థలో పాత సెంట్లను చీకట్లో, 12 డిగ్రీల చల్లదనంలో, ఆర్గాన్ వాయువు నింపి ఉంచుతారు. ఎందుకు? వచ్చినవారికి వాసన చూపించడానికే.

బేతనియలో ఆ స్త్రీ అత్తరుబుడ్డిని పగులగొట్టింది. చూసినవారు 300 దేనారాలు నష్టమని లెక్కవేశారు. అంటే కూలివాడి ఏడాది సంపాదన. బీదలకు ఇవ్వవచ్చు కదా అని సణిగారు గాని, ప్రభువు మెచ్చుకున్నది ఆమెనే. తన భూస్థాపన కోసం ముందుగానే ఆమె ఆ పని చేసిందన్నాడు.

మన ఊళ్లో లాలిక్ సీసాలు లేవు గాని షోకేసులు ఉన్నాయి. మా చెల్లి కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి పంపిన సెంటు సీసా మా షోకేసులోనూ ఉండేది. ఎవరైనా వస్తే చూపించేవాళ్లం. ఒకరోజు అమ్మ, "కొంచెం రాయరా" అని అడిగింది. "క్రిస్మస్‌కు తీద్దాంలే అమ్మా" అన్నాము. క్రిస్మస్ రాకముందే అమ్మ ప్రభువు నొద్దకు వెళ్లిపోయింది. సమాధి పెట్టె మూసేముందు ఆ సీసా మూత తీశాము.

ప్రియులారా, మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే ఈ ఆదివారం లోపే తీయండి. ముందు మీ అమ్మకు, మీ అత్తకు రాయండి. మిగిలితే ఆరాధనకు రాసుకుని రండి. మనసులో దాచుకున్న మంచి మాట ఉంటే అదీ చెప్పేయండి. బ్రతికున్నవారి కోసమే దేవుడు వాటిని మనకిచ్చాడు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.