పసుపు సీమలో పేగుల పుండు

ఆర్మూరు ప్రాంతమున పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, కొమ్ములకు మెరుగు పెట్టి నిజామాబాదు మార్కెటు యార్డునకు తోలు రైతునకు తన పంట గుణములను గూర్చి యొకరు చెప్పనక్కరలేదు. 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనప్పుడు ఈ సీమకు కలిగిన సంతోషము న్యాయమైనదే. అయితే ఆ సంతోషముతోబాటు ఒక విచారమును గూడ పాఠకుల ముందుంచుట మా విధి. పసుపు లేని కూర నెరుగని తెలంగాణ పల్లెలలోనే పేగులు పుండ్లుపడి, నెత్తురు విరేచనములతో నెలల తరబడి కృశించువారు కలరు. అల్సరేటివ్ కొలైటిస్ అనియు, క్రోన్స్ వ్యాధి యనియు వైద్యులు పేర్కొను నీ రుగ్మతలు పట్టణపు సుఖజీవులకే వచ్చునని చాలకాలము తలచితిమి. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఉదరబాధలు గల 30,000 మందికి మించి పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితములు ఆ భ్రమను తొలగించినవి. అట్టివారిలో ఈ వ్యాధి పట్టణమున నెంతో పల్లెలోను రమారమి యంతే కానవచ్చినది.

ఈ వ్యాధి స్వరూపము తెలియనిదే చికిత్స విలువ తెలియదు. మన పేగు లోపలిగోడను కప్పియుండు పొర మందము ఒకేయొక కణము. ఆ కణములు ఒకదానినొకటి అంటి బిగిసి, పైన జిగురుపూతతో, కోటానుకోట్ల సూక్ష్మజీవులను అవతల నిలిపి, నీటిని, అన్నసారమును మాత్రము లోనికి రానిచ్చును. నాలుగైదు దినములలో ఆ పొర దాదాపు యావత్తు క్రొత్తదగును. దాని క్రిందనే శరీర రక్షక కణములు కావలి యుండును. ఈ రెండు తెగల నడుమ నిరంతరము రాయబారము సాగుచుండును. హద్దు క్షేమముగా నున్నదను సంకేతములతో పొరకణములు కావలివారిని శాంతపరచును. కావలివారు ఇంటర్‌ల్యూకిన్-22 వంటి ద్రవ్యములను విడిచి పొరకు మరమ్మతు చేయింతురు. ఆరోగ్యమనగా నీ పొత్తే.

వ్యాధియందు చెడునది ఈ పొత్తు. పొర సడలి సూక్ష్మజీవులు లోనికి చొచ్చినచో రక్షక కణములు రెచ్చి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా యను ద్రవ్యములను వెదజల్లును. శత్రువుకై విడిచిన యా ద్రవ్యములే పొరకణముల బిగువును సడలించి వానిని చంపును. పొర యింకను తెగును. మరిన్ని సూక్ష్మజీవులు దూరును. కావలివారు మరింత రెచ్చుదురు. చెరువుకట్టకు గండి పడినప్పుడు పూడ్పవచ్చినవారే కలవరపాటున త్రొక్కి గండిని పెద్దది చేసినట్లుండును. తొలుత చెడునది పొరయా, కావలియా యనునది అందరియందు నొక తీరు కాదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డగించు సూదిమందులు అనేకులకు గుణమిచ్చుటయే ఈ వృత్తాంతమునకు తార్కాణము.

మరి మన పసుపు మాటేమి? పసుపులోని కర్‌క్యుమిన్ రక్షక కణముల ఉద్రేకమును అణచునని పరిశోధనశాలలలో తేలినది. 2006లో జపాను వైద్యులు ప్రకటించిన పరీక్షలో, శాంతించిన అల్సరేటివ్ కొలైటిస్ గలవారికి మామూలు మందుతోబాటు దినమునకు 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఆరునెలలిచ్చిరి. దానిని పుచ్చుకొన్న 43 మందిలో ఇద్దరికే వ్యాధి తిరుగబెట్టగా, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న 39 మందిలో ఎనమండుగురికి తిరుగబెట్టినది. కాని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 2017లో ప్రకటించిన పరీక్షలో, వ్యాధి ముదిరియున్నవారు కాక తేలికగానో, మధ్యస్థముగానో యున్నవారికి దినమునకు 450 మిల్లీగ్రాములిచ్చిచూడగా ఉత్తుత్తి మాత్రకంటె మేలు కానరాలేదు. ఎండిన పసుపున కర్‌క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు. అనగా 2 గ్రాములకు 60 గ్రాములకు మించిన పసుపుపొడి కావలయును. కూరలోని చిటికెడు ఔషధము కాజాలదు. పసుపు మందునకు తోడు కావచ్చును గాని మందునకు బదులు కాదు.

1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు అమెరికా ప్రభుత్వము పసుపుతో గాయములు మాన్పు విధమునకై పేటెంటు నిచ్చినప్పుడు మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను సాక్ష్యముగా జూపి పోరాడి, 1997లో దానిని రద్దు చేయించినది. ఆ విజయము పూర్వులు పెట్టిన భిక్ష. రాబోవు విజయము గ్రంథములతో రాదు. మన ఆసుపత్రులలో, మన రోగులయందు, నిక్కమైన పరీక్షలతో రావలయును. ధర, ఎగుమతి, మార్కెటు చూచుటతో పసుపు బోర్డు తృప్తి చెందరాదు. నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాలతో చేయి కలిపి, ఎంత మోతాదు, ఎవరికి, ఎంతకాలము అను ప్రశ్నలకు సమాధానము రాబట్టుటకై ధనము కేటాయించవలయును. ఫలితము అనుకూలమైన రైతునకు లాభము; ప్రతికూలమైన రోగికి రక్ష. రెండును దేశసేవయే.

అంతవరకు మా పాఠకులకొక మనవి. మలమున నెత్తురు పడిన ప్రతిసారి అవి మొలలని తీర్మానించి, నాటుమందులతో నెలలు గడపుట ప్రమాదము. మన దేశమున పేగుల క్షయ క్రోన్స్ వ్యాధివలెనే కనిపించును. క్షయ యున్నవానికి రక్షక కణముల నణచు మందిచ్చిన ముప్పు వాటిల్లును. కావున గొట్టముతో పేగును చూచి, ముక్క తీసి పరీక్షించుట అవసరము. ఆ పరీక్ష హైదరాబాదు పోగలవారికే కాక జిల్లా ఆసుపత్రికి వచ్చు కూలివానికిని సులభముగా లభించునట్లు ప్రభుత్వము చూడవలయును. తమ చేలలో పసుపు త్రవ్వు మనిషి నెత్తురు పోయి పాలిపోవుచుండ, ఆసాములు చిటికెడు పసుపు పాలలో కలిపి యిచ్చి ఊరుకొనరాదు. వానిని వైద్యునికడకు పంపి, ఆనాటి కూలి గూడ నిచ్చుట ధర్మము.