సిర్కా, జైతూన్, ఒక గాజు సీసా

గడచిన నెల మా ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఒక సీసా గురించి చిన్న కలత రేగింది. ఈ నెల శీర్షికకు అదే విషయం అయింది.

ఇంటి యజమానికి చక్కెర వ్యాధి ఉన్నదని తెలిసి ఆరు నెలలు కావస్తున్నది. అన్నానికి ముందు పచ్చి కూరగాయలు ఒక పళ్ళెం నిండా తినవలసిందని వైద్యుడు చెప్పారు. చెప్పడం సులభమే. బిర్యానీ పక్కన నాలుగు కీరా ముక్కలను అలంకారంగా మాత్రమే ఎరిగిన మనిషి, వాటిని పళ్ళెం నిండా చూచి నిట్టూర్చి, రెండు ముక్కలు నమిలి పక్కకు జరపడం మొదలుపెట్టారు. హైదరాబాదులో చదువుకొంటున్న మా పెద్దమ్మాయి సెలవులకు వస్తూ తండ్రి కోసం ఒక సీసా కొని తెచ్చింది. సలాడ్ మీద పోసుకొనే పుల్లని ద్రవం, పేరు వినైగ్రెట్. ముక్కలపై పోసి కలిపి అబ్బా ముందు పెట్టింది. ఆయన మొదటిసారిగా ఇష్టపడి తినబోతూ ఉండగా, దాదీమా సీసా మీది అక్షరాలు చదివి వినిపించమన్నారు. అమ్మాయి చదువుతూ చదువుతూ ‘వైన్ వెనిగర్’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. దాదీమా ఏమీ అనలేదు. కొడుకు చేతిలోని చెంచాను మెల్లగా తీసుకొని పళ్ళెంలో పెట్టారు. అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె చేసిన తప్పేమీ లేదు. అసలు ఆ పదార్థం పేరులోనే ఆ చిక్కు ఉన్నది. ఫ్రెంచి భాషలో ‘వినైగ్ర్’ అంటే పులిసిన ద్రాక్షసారా, అంటే సిర్కా. దానికి ముద్దుపేరు వంటిదే వినైగ్రెట్. ద్రాక్ష పండే దేశంలో ద్రాక్ష నుండి, చెరకు పండే చోట చెరకు నుండి, ఖర్జూరం పండే చోట ఖర్జూరం నుండి సిర్కా తయారవుతుంది. ఏ తీపి రసమైనా మొదట మత్తు ద్రవంగా మారి, తరువాత గాలి తగిలి, ఒక జాతి సూక్ష్మజీవుల వలన ఆమ్లంగా మారడమే సిర్కా పుట్టుక. నోటికి పులుపుగా తగిలేది ఆ ఆమ్లమే.

మరునాడు మస్జిదులో ఇమామ్ గారిని అడిగి తెలుసుకొన్నాము. సారా తనంతట తానే సిర్కాగా మారిపోతే అది ధర్మసమ్మతమేనన్నది పండితులందరి మాట. మనిషి పూనుకొని అందులో ఏదైనా వేసి మార్చినప్పుడే అభిప్రాయభేదం. హనఫీ పండితులు దానినీ అనుమతించారు. షాఫిఈ పండితులు అనుమతించలేదు. సారాను సిర్కాగా మార్చవచ్చునా అని అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) వద్దన్నట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఉన్నదని, అనుమతించని వారికి అది ఆధారమని ఆయన వివరించారు. దాదీమా అంతా విని, “ఇంత తర్కం దేనికి బేటీ? చెరకు సిర్కా ఉన్నది కదా, ఇంట్లోనే చేసుకొందాం” అన్నారు. అమ్మాయి ముఖం అప్పుడు తేటపడింది.

సిర్కా మన ఇళ్ళకు కొత్తది కాదు. కబాబుల పక్కన సిర్కాలో ఊరిన ఉల్లిపాయలు ఉండనే ఉంటాయి. ఒకనాడు దైవప్రవక్త (సఅసం) ఇంటివారిని రొట్టెలోకి కూర ఏమున్నదని అడుగగా, సిర్కా తప్ప మరేమీ లేదని వారు చెప్పారట. ఆయన దానినే తెప్పించుకొని, ఎంతో మంచి కూర అని మెచ్చుకొంటూ భుజించారని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మెప్పు రొట్టెతో అద్దుకొని తినే కూరగా సిర్కాకు దక్కిన మెప్పు. ఈమధ్య కొందరు తెల్లవారగానే పరగడుపున గ్లాసులో సిర్కా పోసుకొని మందులాగా మింగుతున్నారు. నీళ్ళు కలపని సిర్కా పళ్ళ పింగాణీని తినివేస్తుంది, గొంతును మండిస్తుంది. చక్కెర వ్యాధికి మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా ఆ పనికి పూనుకోరాదు. అన్నంతో, రొట్టెతో, కూరగాయలతో కలిపి తినడం వేరు సంగతి.

దుకాణంలో సిర్కా కొనేటప్పుడు సీసాను తిప్పి చూడండి. సింథటిక్ అని ఉంటే అది ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి చేసినది. హానికరమని కాదు గాని, దానిలో ఘాటే తప్ప రుచి ఉండదు. చెరకు, ఆపిల్, ఖర్జూరం వంటి వాటిని పులియబెట్టి చేసినదైతే పులుపు వెనుక ఒక మెత్తదనం, పండు వాసన ఉంటాయి. మేము చెరకు సిర్కాతోనే చేశాము.

ఇక నూనె. జైతూన్ వృక్షాన్ని దివ్య ఖుర్‌ఆన్ నూర్ సూరా శుభవంతమైన వృక్షంగా పేర్కొన్నది. దాని నూనెను తినమని, ఒంటికి రాసుకోమని హదీసులో ఉన్నది. అయితే మన అంగళ్ళలో జైతూన్ పేరుతో దొరికేదంతా ఒకటి కాదు. ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అన్నది పండును పిండి, రసాయనాలు వాడకుండా తీసిన మొదటి రకం. దానిలో ఆమ్లత్వం 0.8 శాతానికి మించరాదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ‘పోమాస్’ అన్నది పిండగా మిగిలిన పిప్పి నుండి తీసి శుద్ధి చేసినది. వేపుళ్ళకు పనికివస్తుంది గాని సలాడ్‌లో దానికి రుచీ పచీ ఉండవు. మందుల అంగడిలో చిన్న సీసాలలో అమ్మే మర్దన నూనెను మాత్రం తినే నూనె అని రాసి ఉంటే తప్ప వంటింట్లోకి తేకండి.

జైతూన్ ఖరీదు భారమనుకొనేవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. గానుగలో ఆడించిన నువ్వుల నూనెతో చేసి చూశాము. కీరా, క్యారెట్, ఉడికించిన శనగలతో అది జైతూన్ కన్నా బాగా కలిసిందని దాదీమా తీర్పు. మేము పూర్తిగా ఒప్పుకోము గాని, ఇంటిలో ఆమె మాటకు తిరుగు లేదు.

కొలత సులభం: మూడు వంతుల నూనెకు ఒక వంతు సిర్కా. ఇది ఫ్రెంచి వంటవారి పాత లెక్క. మన నాలుకకు పులుపు అలవాటు గనుక రెండు వంతులకు ఒకటి చొప్పున కలిపినా అతి కాదు. నలుగురికి సరిపోవాలంటే ఆరు పెద్ద చెంచాల నూనె, రెండున్నర లేక మూడు చెంచాల సిర్కా, అర చిన్న చెంచా ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి, అర చిన్న చెంచా ఆవపిండి చాలు. పులుపు మరీ కొట్టినట్లుంటే ఒక చిటికెడు తేనె.

మొదట ఉప్పును సిర్కాలో వేసి కరగనివ్వాలి. ఉప్పు నూనెలో కరగదు. అందరం చేసే పొరపాటు ఇదే: అన్నీ ఒక్కసారి వేసి కలిపేస్తాం, ఉప్పు గింజలు అడుగున నిలిచిపోయి ఒక ముక్క చప్పగా, ఒక ముక్క ఉప్పగా తగులుతుంది. ఉప్పు కరిగాక నూనె పోయాలి. నూనె, సిర్కా వాటంతట అవి ఎన్నటికీ కలవవు. గిలకొడితే క్షణకాలం కలిసి, మరల విడిపోతాయి. వాటి మధ్య రాజీ కుదిర్చేది ఆవపిండి. ఆవగింజ పొట్టులోని జిగురు నూనె బిందువుల చుట్టూ చేరి అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. ఆవకాయ పెట్టే ప్రతి ఇంటా ఆవపిండి ఉంటుంది కనుక విదేశీ ఆవముద్ద సీసా కొనవలసిన పని లేదు. ఒక్క మెళకువ: ఆవపిండిని ముందుగా కొంచెం చల్లని నీటితో తడిపి పది నిమిషాలు ఉంచండి. ఘాటు అప్పుడే పుడుతుంది. నేరుగా సిర్కాలో వేస్తే పులుపు ఆ ఘాటును పుట్టనివ్వదు. వేడినీరు పోస్తే చచ్చిపోతుంది. మన ఆవాలు ఘాటైనవి, కనుక మొదటిసారి తక్కువే వేయండి.

మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో అన్నీ పోసి అర నిమిషం గిలకొట్టితే చాలు. పసుపు వన్నెతో కొద్దిగా చిక్కబడుతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు, సిర్కా వాటిని కొరుకుతుంది. మిక్సీలో వేద్దామని అమ్మాయి పట్టుబట్టి ఒకసారి వేసింది. మిక్సీ వేగానికి జైతూన్ నూనె చేదెక్కిపోయింది. ఆ సలాడ్‌ను తినడానికి ఆ రోజు ఎవ్వరూ సాహసించలేదు.

వెల్లుల్లి వేసుకొనేవారికి ఒక హెచ్చరిక. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట ఉంచితే, గాలి చొరని ఆ నూనెలో ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉన్నది. వెల్లుల్లి వేసినది ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడెయ్యండి. అంతకన్నా ఏ పూటకు ఆ పూట చేసుకోవడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టిన జైతూన్ నూనె గడ్డకట్టడం చూచి చెడిపోయిందనుకోకండి. కొంతసేపు బయట ఉంచితే మరల కరుగుతుంది.

కూరగాయలు కడిగిన తరువాత తడి పూర్తిగా ఆరాలి. తడి ముక్కకు నూనె అంటదు, పులుపు పలచబడి పళ్ళెం అడుగుకు చేరుతుంది. ఉల్లిపాయ చీలికలను ముందే పది నిమిషాలు సిర్కాలో ఉంచితే ఘాటు తగ్గి గులాబీ రంగు తేలుతుంది. మిగిలినవన్నీ వడ్డించే ముందే కలపాలి. కీరా నీరు విడుస్తుంది, పుదీనా నల్లబడుతుంది. లెట్యూస్ ఆకు లేదని చింతించవద్దు. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్ తురుము, టమాటా, కొత్తిమీర, ఉడికిన శనగలు, గుప్పెడు దానిమ్మ గింజలు ఉంటే విందే. షామ్ దేశాలవారి ఫత్తూష్ సలాడ్‌లో మిగిలిపోయిన రొట్టెను కరకరలాడేలా వేయించి ముక్కలు చేసి కలుపుతారు. మిగిలిన రొట్టె మన ఇళ్ళలోనూ ఉంటుంది కదా!

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఒక లెక్క. పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి, అది జైతూన్ అయినా, నువ్వులదైనా. మనిషికి చెంచాన్నర చాలు. బొత్తిగా నూనె లేకుండా తినడమూ మంచిది కాదు. క్యారెట్, టమాటాలకు రంగునిచ్చే పోషకాలు కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడతాయి.

అమ్మాయి తెచ్చిన సీసాను దాదీమా ఖాళీ చేయించి, వేడినీటితో శుభ్రంగా కడిగించి, కొత్త వినైగ్రెట్‌ను అందులోనే పోయించారు. లేబుల్‌ను గోటితో గీకి తీసినవారు కూడా ఆమెయే. సెలవులు ముగిసి అమ్మాయి తిరిగి వెళ్ళింది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో, అబ్బా పళ్ళెం ఖాళీ చేశారా అని అడుగుతున్నది. మొన్న ఆయనే ఫోను అందుకొని, శనగలు కొంచెం ఎక్కువ వేయమని మీ అమ్మీకి చెప్పు అన్నారు.