మట్టము చెప్పు సాక్షి

2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురమును ముంచిన భయము గద్వాల ప్రాంతమింకను మఱువలేదు. జూరాల జలాశయమునకు పూర్తి నీటిమట్టము 1045 అడుగులు. ఇట్టి జలాశయములయందు మట్టమును తీగద్వారా తెలుపు విద్యుత్పరికరములే నేడు మనకు సాక్షులు.

కాని యీ సాక్షి పిడుగునకు బెదరును. పిడుగు దూరముగా పడినను తీగలో విద్యుత్తు ఉప్పొంగి పరికరమును కాల్చును, లేదా అబద్ధమాడించును. గాలికి లేచిన అల తాకినను అపాయఘంట మ్రోగవచ్చును. ముమ్మారు వృథాగా మ్రోగినచో, నాలుగవమారు నిజముగా వఱద వచ్చినను తీరవాసి లేవడు. "నాన్నా, పులి" కథ మన మెఱుగనిదా?

నివారణము కష్టము కాదు. తీగ రెండు కొనలయందును ఉప్పెన విద్యుత్తును నేలకు మళ్లించు రక్షకము లుంచవలెను. ఎర్తు తీగలన్నియు నొక్కచోట కలియవలెను. మోటారు తీగలకు దూరముగా వేఱుగొట్టమున దీనిని నడుపవలెను. అలలు తగులకుండ కొలపరికరమును గొట్టములో నిలుపవలెను. మట్టము కొన్ని క్షణములు నిలిచిన పిదపనే ఘంట మ్రోగవలెను. సంకేతము 4 మొదలు 20 మిల్లీయాంపియర్లవఱకు నడచును. అది సున్న యైనచో జలాశయ మెండినదని కాదు, తీగ తెగినదని గ్రహింపవలెను.

ఏకసాక్షిని నమ్మి తీర్పు చెప్పుట న్యాయస్థానమున కైనను సాహసమే. రెండవ పరికరమును, గేజి రాతిని కంట చూచు మనిషియు నుండవలెను. తొలకరికి ముందే పరీక్షించి, ఫలితమును తీరగ్రామ పంచాయతీలకు తెలుపుట అధికారుల విధి. అడుగుట మన హక్కు.