సందర్శకుల లెక్కకు ఇంటి గుట్టు వెల కాకూడదు

మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్ వాసులకు ఎగువ, దిగువ అనే మాటల అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఈసీ నదిపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ వారికి దగ్గరే. ఆ జలాశయాన్నీ, ఉస్మాన్‌సాగర్‌నూ కాపాడేందుకు 1996లో వెలువడిన 111వ జీవో, పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. ఆ ఉత్తర్వు చుట్టూ తర్వాత ఎన్ని వివాదాలు చెలరేగినా, దాని వెనుక ఉన్న ఆలోచన తేలికైనదే. ఎగువన ఏది కలిస్తే అదే చెరువులోకి చేరుతుంది. కట్ట ఎంత గట్టిగా ఉన్నా నీటి శుభ్రతకు అది హామీ కాదు.

ఈ సంగతి వెబ్‌సైట్లకూ వర్తిస్తుంది. నేడు మన పాఠశాలలకు, మదరసాలకు, విరాళాలు సేకరించే సంస్థలకు, పెళ్ళి సంబంధాలు చూసే కేంద్రాలకు, ఇంటివద్దే దుస్తులు కుట్టి అమ్ముకునే అక్కాచెల్లెళ్ళకు కూడా వెబ్‌సైట్లు ఉన్నాయి. వీటిలో చాలా వాటిని వర్డ్‌ప్రెస్‌తో నిర్మిస్తారు. ఎంతమంది చూశారు, ఏ ఊరినుండి చూశారు, ఏ పేజీ ఎక్కువగా చదివారు అన్నది తెలుసుకునేందుకు ఒక గణాంకాల ప్లగిన్‌ను చేర్చుతారు. అది ఉచితం. అమర్చడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే దాని గురించి రెండు నిమిషాలైనా ఎవరూ ఆలోచించరు.

2021లో జరిగిన ఒక సంఘటనను చూద్దాం. డబ్ల్యూపీ స్టాటిస్టిక్స్ అనే ప్లగిన్ అప్పటికి ఆరు లక్షలకు పైగా వెబ్‌సైట్లలో ఉంది. నిర్వాహకులు మాత్రమే చూడవలసిన ఒక నివేదిక పేజీ ద్వారా, లాగిన్ కాని వ్యక్తి కూడా డేటాబేస్‌కు ప్రశ్నలు పంపగలిగే లోపం అందులో ఉన్నట్లు వర్డ్‌ఫెన్స్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు మార్చి నెలలో గుర్తించారు. దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. డేటాబేస్ నోరు తెరచి జవాబు చెప్పనవసరం లేదు. ‘ఈ అక్షరం సరైనదైతే కాస్త ఆలస్యంగా బదులివ్వు’ అని అడుగుతూపోతే, ఆ ఆలస్యాన్ని బట్టి లోపలి సమాచారాన్ని ఒక్కో అక్షరంగా కూడబలుక్కోవచ్చు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. సందర్శకుల లెక్క ఒక్కటే పోతే పెద్ద నష్టం లేదు. కాని ఇలాంటి ప్లగిన్ తన లెక్కలను రాసుకునేది వెబ్‌సైట్ మొత్తానికీ ఉన్న డేటాబేస్‌లోనే. సంబంధాల కోసం ఒక తండ్రి నమ్మి ఇచ్చిన కూతురి వివరాలు, ఫోన్ నెంబరు, జకాత్ సహాయం కోరిన కుటుంబం రాసుకున్న ఇంటి పరిస్థితి కూడా అక్కడే ఉంటే, లెక్కల గదికి పడిన కన్నం లోపలి గదికీ దారి అవుతుంది. అవి మన సొత్తు కావు, మనవద్ద ఉంచిన అమానత్.

మరో రకం ప్లగిన్లు లెక్కలను మనవద్ద ఉంచవు, బయటి సంస్థకు పంపుతాయి. అప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఎవరికి’ అన్నది. నమాజ్ వేళలు తెలిపే ముస్లిం ప్రో యాప్ విషయంలో 2020 నవంబరులో బయటపడిన సంగతి ఇందుకు హెచ్చరిక. వాడేవారి స్థల సమాచారం ఎక్స్‌మోడ్ అనే సంస్థకు, అక్కడినుండి అమెరికా సైనిక కాంట్రాక్టర్లకు చేరుతోందని వార్తలు వచ్చాక, ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్లు యాప్ యాజమాన్యం ప్రకటించింది. నమాజ్ వేళ చూసుకునేందుకు ఫోన్ తెరచిన వారు ఆ సమ్మతి ఎప్పుడూ ఇవ్వలేదు.

కనుక ఏ ప్లగిన్‌నైనా చేర్చేముందు కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఈ లెక్క మనకు నిజంగా అవసరమా? ఆ లెక్కను చూసి మనం ఏ నిర్ణయమూ తీసుకోకపోతే దాన్ని సేకరించడమే వృథా. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? వర్డ్‌ప్రెస్ జాబితాలో ఇది కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని దాన్ని వదిలేయడమే మేలు. గతంలో లోపాలు బయటపడితే ఎంత త్వరగా సరిచేశారు? పైన చెప్పిన ప్లగిన్ తయారీదారులు మార్చి 13న బయటపడిన లోపానికి మార్చి 25న సవరణ విడుదల చేశారు. లోపం ఉండటంకన్నా దాన్ని నిర్లక్ష్యం చేయడమే పెద్ద దోషం. అయితే సవరణ వచ్చినా మనం అప్‌డేట్ చేయకపోతే ఆ కన్నం మన గోడకు అలాగే ఉంటుంది.

సందర్శకుల పూర్తి ఐపీ చిరునామాలను నిల్వచేయకుండా ఆపే సదుపాయం ఉంటే వాడుకోవాలి. దరఖాస్తు నింపే పేజీలపై బయటి సంస్థల లెక్కింపు కోడ్ ఉండకూడదు. వాడని ప్లగిన్‌ను నిలిపివేసి ఊరుకోరాదు. దాని ఫైళ్ళు సర్వర్‌లోనే ఉంటాయి గనుక పూర్తిగా తొలగించాలి. సైట్ తయారుచేసి ఇచ్చిన విద్యార్థికి పని ముగిశాక నిర్వాహకుడి ఖాతా ఉంచకూడదు. అది అతనిపై అనుమానం కాదు, అతనికీ మనకూ రక్షణ. అన్నిటికన్నా ముఖ్యంగా, పని తీరిన దరఖాస్తులను సైట్‌నుండి చెరిపేయాలి. లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమాచారం సేకరించినవారిదే దాన్ని కాపాడే బాధ్యత అంటోంది. తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కాని చట్టం మాట అటుంచి, నమ్మి వివరాలు ఇచ్చిన ఒక తల్లి ముఖం తలచుకుంటే చాలు. ఈ నెల మీ సంస్థ సమావేశంలో ఒక గంట కేటాయించి, మీ సైట్‌లో ఉన్న ప్లగిన్ల జాబితా రాయించండి. ప్రతి పేరు ఎదుట ‘ఇది ఎందుకు?’ అని రాయండి. జవాబు దొరకని వాటిని ఆరోజే తొలగించండి.