చిన్నకారు – నేలపట్టు

మలుపులలో చిన్నకారు తూలుచున్నచో గట్టి స్ప్రింగులు వేయింపుడని కొందఱు చెప్పుదురు. తొందరపడకుడు. కారును నేలకు బట్టియుంచునవి నాలుగు అరచేతులంత టైరుభాగములే గదా! ముందు వానినే చూడవలెను. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన దేశపు నిబంధన. గాడులున్నను, ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి తడిబాటపై జారును. టైరు ప్రక్కన 2322 అని యున్నచో అది 2022లో 23వ వారమున తయారైనదని యర్థము. గాలిని టైర్లు చల్లగా నున్నపుడే కొలిపింపవలెను.

పిమ్మట షాక్ అబ్జార్బరులు. కారుమూలను నొక్కి విడిచినపుడు పలుమాఱు ఊగినచో అవి అరిగినట్లే, మార్పింపుడు. మితిమీరి గట్టివైన స్ప్రింగులు గతుకులబాటపై చక్రము నెగురవైచి పట్టును తగ్గించును. వెనుకసీటులోని బిడ్డలకు ఆ పట్టే రక్ష.